వెయ్యి ఆమడల దారి

దూరం చెప్పడానికి మైళ్ళూ ఫర్లాంగులూ రాకముందే మనవాళ్ళ దగ్గిర బోలెడు మాటలుండేవి. కూతవేటు, పిలుపుదూరం, కనుచూపుమేర, అల్లంతదూరం. చుట్ట ముట్టించి నడక సాగిస్తే అది కాలిపోయే లోపల చేరే వూరు ఒకటి. తెల్లవారుజామున బండి కడితే అంబలిపొద్దుకు చేరే వూరు మరొకటి. ఇవి కొలతలే కావని లెక్కల మాస్టార్లు అంటారేమో గాని, వీటిలో ఒక సుగుణం వుంది. నడిచేవాడు ఎవరు, వాడి కాళ్ళలో సత్తువ ఎంత, దారి ఎటువంటిది అన్న సంగతులు కూడా ఈ కొలతల్లో కలిసే వుంటాయి. గజంబద్దకు ఆ గొడవ పట్టదు.

మా ఈపూరులో ఇప్పటికీ "వినుకొండ ఎంత దూరం తాతా?" అని అడిగితే, "బస్సు దొరికితే దగ్గిరే నాయనా!" అని చెప్పే పెద్దలున్నారు. నవ్వుకోవలసిన పని లేదు. ఈవారం నేను చెప్పబోయేదంతా ఆ తాత మాటకు వ్యాఖ్యానమే అనుకోండి.

పాత కొలతల్లో పెద్దది ఆమడ. నాలుగు కోసులైతే ఒక ఆమడ. మైళ్ళలో చెప్పమంటే ఎనిమిదని కొందరు, పదని కొందరు. మనం ఎనిమిది దగ్గిర ఆగుదాం. ఆమడ దూరంలో పిల్లనిస్తే దూరదేశం పంపినట్టు కళ్ళనీళ్ళు పెట్టుకొన్న రోజులు మా అవ్వల నాటివి. అటువంటి వూళ్ళో, మొన్న మా వీధి పెద్దాయన ఒకరు సెల్‌ఫోను చేత్తో పట్టుకొని వచ్చి, "మాస్టారూ, మన హైదరాబాదు నుంచి షికాగో ఎంత దూరమండీ? మావాణ్ణి అడిగితే ఇరవైరెండు గంటలంటాడు. నేనడిగేది దూరం, వాడు చెప్పేది టైము!" అని విసుక్కున్నారు. ఆయన కొడుకూ కోడలూ ఇద్దరు మనమలూ అక్కడ వుంటున్నారు.

సుమారు 13,300 కిలోమీటర్లన్నాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. 8,260 మైళ్ళన్నాను. ఊహూఁ. "వెయ్యిన్నీ ముప్ఫై ఆమడలండీ!" అన్నాను. "అబ్బో!" అంటూ అరుగుమీద కూలబడ్డారు. రోజుకు రెండామడల చొప్పున బండి తోలితే, మధ్యన సముద్రాలున్న సంగతి ఎద్దులకు తెలియనివ్వకపోతే, ఏడాదీ అయిదు నెలల ప్రయాణం అది.

ఇంతకీ ఈ 13,300 అన్న అంకె ఎక్కడిది? ఎవరో టేపు పట్టుకొని కొలిచింది కాదు గదా! అందులో చిన్న తమాషా వుంది.

గోడమీది ప్రపంచపటంలో హైదరాబాదునూ షికాగోనూ స్కేలుబద్ద పెట్టి కలపండి. గీత పడమటికి పోతుంది. అరేబియా సముద్రం, అరబ్బుల ఎడారులు, ఈజిప్టు, లిబియా, మొరాకో దాటి, అట్లాంటిక్కు మీదుగా అమెరికాలో తేలుతుంది. ఓడ సరంగులు వాడే పటంలో అలా గీత గీసుకొని, ముల్లు ఒక్క దిక్కే చూపేలా ఆ గీతవెంట పోతే 16,000 కిలోమీటర్లు దాటుతుంది. పటం మనకు అబద్ధం చెప్పిందన్నమాట. గుండ్రటి భూమి తొక్క వొలిచి బల్లమీద చదునుగా పరిస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. ధ్రువాల వైపు పోయేకొద్దీ ఆ సాగదీత ఎక్కువ.

అందుచేత పటం పక్కన పెట్టి, పిల్లలు చదువుకొనే గ్లోబు తెచ్చుకోండి. గ్లోబు లేకపోతే బత్తాయిపండు చాలు. రెండు చోట్ల గుండుసూదులు గుచ్చి, వాటిమధ్య దారం బిగించి లాగండి. దారం తనంతట తానే దగ్గిరదారి వెతుక్కొంటుంది. హైదరాబాదు దగ్గిర మొదలైన దారం పడమటికి తిరగదు. ఉత్తరానికి, కొద్దిగా వాయవ్యానికి వొరిగి పోతుంది. కాశ్మీరం మీదుగా, కజకస్తాను మైదానాలు దాటి, రష్యాలో ఉరల్ కొండలు దాటి, ఉత్తరసముద్రంలోకి దిగుతుంది. ఉత్తరధ్రువం ఇంక 1,200 కిలోమీటర్లుందనగా వొంపు తిరిగి, గ్రీన్‌లాండు మంచుమీదుగా, కెనడాలోని హడ్సన్ అఖాతం పక్కగా షికాగోలో వాలుతుంది. అదీ 13,300 కిలోమీటర్ల దారి. అమెరికా పోయే మనవాడు బయలుదేరవలసింది పడమటికి కాదు, పాండవులు మహాప్రస్థానానికి బయలుదేరిన దిక్కుకు! ఈ మాట పెద్దాయనతో అనలేదు, బాగుండదని.

ఇది నమ్మశక్యంగా లేకపోతే ఇంకో చిన్న లెక్క చూడండి. భూమధ్యరేఖకు ఉత్తరంగా 60 డిగ్రీల దగ్గిర, ధ్రువానికి ఇటొక వూరూ అటొక వూరూ ఎదురెదురుగా వున్నాయనుకోండి. ఒకే అక్షాంశం వెంబడి తూర్పుకో పడమటికో చుట్టి పోతే 10,000 కిలోమీటర్లు. ధ్రువం మీదుగా పోతే 6,700 మించదు. రెండు చుక్కల మధ్య దగ్గిరదారి సరళరేఖ అని బళ్ళో నేర్పిన పాఠం పలకమీద నిజం, బంతిమీద కాదు.

బంతి ప్రస్తావన వచ్చింది గనుక మరొక్క మాట. అసలు మీటరు పుట్టిందే భూమి కొలతలోంచి. 1790లలో ఫ్రెంచివాళ్ళు ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా వున్న దూరాన్ని కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మీటరన్నారు. అంచేతనే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లన్న గుండు అంకె వచ్చింది. అంటే ఈ భూమిమీద ఏ రెండు వూళ్ళూ 20,000 కిలోమీటర్లకు మించి దూరంగా వుండడానికి వీల్లేదు. ఎంత అలిగి వెళ్ళిపోయినా అంతకన్న దూరం పోలేరు. ఆ భూమిని మనదేశంలో గొలుసులతో కొలవడానికి 1802లో మద్రాసు దగ్గిర మొదలుపెట్టిన లాంబ్టన్ దొర, డెబ్బైయెనిమిదో రేఖాంశం వెంట తెలుగునేల మీదుగా ఉత్తరానికి కొలుచుకొంటూ పోయి, 1823లో పని పూర్తి కాకుండానే దారిలో కన్నుమూశాడు. ఇరవైయేళ్ళు అతను నడిచిన దిక్కునే ఇప్పుడు మన పిల్లలు గంటల్లో ఎగిరిపోతున్నారు.

అయితే విమానం ఆ దారం వెంటే పోతుందా? పోదు. ఇక్కడే అసలు కథ.

కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు రామగిరి నుంచి అలకకు మేఘానికి దారి చెబుతూ, కాస్త వంకరదారే అయినా ఉజ్జయినిని చూసి పొమ్మంటాడు. చుట్టుదారికి యక్షుడికి కారణం సౌందర్యం. విమానాల వాళ్ళకు కారణాలు వేరు. ఒకటి కొండలు. హిమాలయాలు, కారకోరం వంటి శిఖరాల మీద విమానంలో గాలి వొత్తిడి తప్పిందంటే పది వేల అడుగుల ఎత్తుకు గబగబా దిగిపోవాలి. నెత్తిమీద నుంచి వేలాడే ముసుగుల్లో ప్రాణవాయువు కొద్ది నిమిషాలకే సరి. దిగుదామంటే కింద పదిహేను, ఇరవై వేల అడుగుల కొండలుంటే ఎక్కడికి దిగటం? రెండోది గాలి. ఉత్తరాన చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు ఏటి ప్రవాహంలాగ గాలి వీస్తూంటుంది. దానికి ఎదురీదితే ఆలస్యం, వాలున పోతే లాభం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియావారు ఈ కిటుకు పట్టుకొని ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోయే విమానాన్ని అట్లాంటిక్కు మీదుగా కాక పసిఫిక్కు మీదుగా తూర్పుకు పంపారు. పాతదారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తదారి 15,300. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటల్లో తేలిపోయింది. గంటల్లో జవాబు చెప్పిన పెద్దాయన కొడుకు అంత తెలివితక్కువవాడేమీ కాదని ఇప్పుడు ఒప్పుకొంటారు గదా!

మూడో కారణం కొండా కాదు, గాలీ కాదు, మనుషులు. నేలమీద గట్లు వేసుకొని కొట్టుకొన్నది చాలక ఆకాశానికి కూడా గట్లు వేసుకొన్నాం. ఏ దేశం నేలమీద వున్న ఆకాశం ఆ దేశానిదేనని 1944 డిసెంబరు 7న చాలా దేశాలు కూచుని ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఎక్కడ కూచున్నారనుకొన్నారు? ఆ షికాగోలోనే! యుక్రెయిను యుద్ధం వచ్చిన తరవాత 2022లో రష్యా తన ఆకాశాన్ని అమెరికా, యూరపు విమానాలకు మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఘోరం తరవాత పాకిస్తాను మన విమానాలకు దారి మూసింది, మనం వాళ్ళ విమానాలకు మూశాం. ఢిల్లీ నుంచి అమెరికాకు ఆగకుండా పోయిన విమానాలు కొన్ని చుట్టూ తిరిగి, మధ్యలో వియన్నా వంటిచోట ఆగి నూనె పోయించుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఢిల్లీ ఒక్క అడుగు జరగలేదు, అమెరికా ఒక్క అడుగు జరగలేదు. రెండింటి మధ్య దూరం మాత్రం రాత్రికి రాత్రి పెరిగింది.

దారం దారికి కాస్త దగ్గిరగా పోయిన విమానాలు లేకపోలేదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగుళూరుకు ధ్రువప్రాంతం మీదుగా ఆగకుండా ఒక విమానం వచ్చింది. రెండు నగరాల మధ్య దూరం 14,000 కిలోమీటర్లకు ఏడు తక్కువ. నడిపినవాళ్ళు నలుగురూ ఆడపిల్లలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్‌హాస్. ధ్రువం దగ్గిర దిక్సూచి ముల్లును నమ్మడానికి లేదు. చలికి రెక్కల్లోని నూనె గడ్డకట్టకుండా కనిపెట్టి వుండాలి. ఏదన్నా వస్తే దిగటానికి చేరువలో వూళ్ళుండవు. అదే నెలలో హైదరాబాదు నుంచి షికాగోకు వారానికొక నేరువిమానం కూడా మొదలైంది. మా వైపు ఎంత సంబరపడ్డారని! శంషాబాదులో ఎక్కి కూచుంటే మళ్ళీ దిగేది పిల్లవాడి వూళ్ళోనే. ఇంగ్లీషు రాని తల్లులు మధ్యలో దుబాయిలోనో దోహాలోనో ఏ గేటుకు పోవాలో తెలియక వీల్‌చైరు అడిగి, కాళ్ళు బాగున్నా కుంటివాళ్ళలాగ కూచోవలసిన అవసరం లేదు. ఆ ముచ్చట కొంతకాలమే సాగింది. విమానం ఆగిపోయింది, వీల్‌చైర్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఆకాశానికి గట్లు అనుకొన్నప్పుడల్లా నాకు మా వినుకొండవాడు జాషువా గుర్తుకొస్తారు. 1941లో వచ్చిన ఆయన గబ్బిలంలో అస్పృశ్యుడైన కథానాయకుడు తన గోడు శివుడికి చెప్పిరమ్మని ఉత్తరానికి పంపింది హంసను కాదు, మేఘాన్ని కాదు, గబ్బిలాన్ని. గుడి గడప తొక్కడానికి మనిషికి వీల్లేదు, గబ్బిలానికి అడ్డులేదు గనుక. దూరమంటే ఏమిటో తెలిసిన కవి ఆయన. దేవుడు ఎన్ని ఆమడల దూరంలో వున్నాడన్నది కాదు ఆ కావ్యంలో ప్రశ్న. గడప దాటనిచ్చేవాడు ఎవడన్నది. గుడి ఆ వీధి చివరే వుండవచ్చు.

జాషువా పుట్టింది 1895లో. అదే 1895లో భీమవరంలో పుట్టినవాడు ఎల్లాప్రగడ సుబ్బారావు. వైద్యం చదివి, ఓడ లెక్కి సముద్రాలు దాటి, అమెరికాలో బోస్టను చేరాడు. ఫోలిక్ యాసిడ్ అనీ, ఆరియోమైసిన్ అనీ లోకానికి ఎన్ని మందులిచ్చాడో చదువుకొన్నవారికి తెలుసు. తిరిగి మాత్రం రాలేదు. భార్య శేషగిరమ్మ ఆయన్ను మళ్ళీ చూడలేదు. 1948 జూన్ 8న ఎయిర్ ఇండియా మొదటి విదేశీ విమానం "మలబార్ ప్రిన్సెస్" బొంబాయిలో లేచి కైరో, జెనీవాల మీదుగా లండనుకు పోయింది. రెండు నెలలకు, ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కులో కన్నుమూశాడు. మన విమానం న్యూయార్కు దాకా పోవడానికి 1960 మే దాకా ఆగవలసి వచ్చింది. ఆయన రాకపోవడానికి ఓడ ఒక్కటే కారణమని నేననను. పనిలో పడినవాడికి అన్ని దారులూ దూరమే. కాని వెళ్ళిరావడానికే నెలలు పట్టే రోజుల్లో "వచ్చే ఏడు పోదాం" అనుకోవడం ఎంత తేలికో ఆలోచించండి.

ఆయనకన్నా ముందువాళ్ళ సంగతి ఇంకా కఠినం. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలో డర్బను చేరింది. చెరకుతోటల కూలికి కుదిరినవాళ్ళు అందులో వున్నారు, తెలుగువాళ్ళతో సహా. అయిదు వారాల ప్రయాణం. షికాగో దూరంలో సగం మాత్రమే. ఆ సగం దూరం దాటినవాళ్ళలో చాలామంది ఇళ్ళకు వాళ్ళ కబురు కూడా రాలేదు.

ఇప్పుడో! కబురుకు కొదవలేదు. మా వినుకొండ పేరుకు పెద్దలు చెప్పే కథ మీకు తెలిసే వుంటుంది. సీతమ్మను ఎత్తుకుపోయిన వార్త రాముడు విన్న కొండ గనుక విన్నకొండ, అదే వినుకొండ అయిందని. ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి చేతిలో ఒక వినుకొండ వుంది. మనమడు షికాగోలో తుమ్మితే ఈపూరులో అవ్వ "చిరంజీవ" అంటుంది. వినడానికి రెప్పపాటు. రావడానికి?

పెద్దాయన నన్ను దూరం అడిగింది ఇందుకే. నేను అంకెలు చెప్పి సంతోషపడ్డానే గాని ఆయనకు కావలసింది అది కాదని తరవాత మాటల్లో తేలింది. ఆయన భార్యకు మూడు నెలలుగా బాగాలేదు. "ఏదన్నా అయితే వాడు ఎప్పటికి అందుకొంటాడు మాస్టారూ?" అన్నారు.

ఈ లెక్క మా పల్లెల్లో ఇప్పుడు చాలా ఇళ్ళవాళ్ళకు కంఠతా వచ్చు. ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికి కబురందితే అక్కడ ఇంకా ముందురోజు సాయంత్రమే. పిల్లవాడు ఆఫీసులోనే వుంటాడు. ఆ రాత్రి విమానానికే సీటు దొరికితే, గల్ఫులో మారేచోట రెండో విమానం తప్పిపోకపోతే, మర్నాటి తెల్లవారుజామున శంషాబాదులో దిగుతాడు. అక్కడినుంచి టాక్సీలో నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి దగ్గిర కృష్ణ దాటి, దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా అయిదారు గంటలు. మధ్యాహ్నానికి గుమ్మంలో వుంటాడు. అన్నీ కలిసివస్తే ఆ లెక్క. ఆ రాత్రి సీటు దొరక్కపోతే మూడోరోజు. పిల్లల స్కూలు, భార్య పాస్‌పోర్టు అంటూ ఇంకొక్క ముడి పడితే నాలుగోరోజు.

ఈ రెండు మూడు రోజుల కోసం వూరు తన ఆచారాలను ఎంతగా సడలించుకొందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పూర్వం పొద్దుగూకేలోపల అంతా అయిపోవలసిందే. శవం లేచేదాకా వీధిలో పొయ్యి వెలిగేది కాదు, గుడి తలుపు తెరిచేవారు కాదు. ఇప్పుడు అద్దెకు తెచ్చిన ఫ్రీజరు పెట్టె ముంగిట్లో పెట్టి, కరెంటు పోతుందేమోనని జనరేటరు పక్కన ఒక కుర్రవాణ్ణి కూచోబెడతారు. రెండు రోజులు వీధిలో పొయ్యి వెలిగించకుండా ఎవరుండగలరు? మొదటిపూట మానేస్తారు, రెండోపూట పెరటి తలుపు వేసుకొని చంటిపిల్లలకని కాస్త గంజి కాస్తారు, మర్నాటికి అందరిళ్ళలోనూ అన్నమే. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. షికాగో నుంచి ఈపూరుకు దూరమెంతో ఆ పొయ్యిలకు తెలుసు.

వచ్చేవాడికోసం ఆగటం ఒక ఎత్తు. రాలేనివాడు సంగతి? డబ్బు లేక కాదు, మనసు లేక కాదు, విమానం లేక కాదు. కాగితం లేక! దీన్ని మావాళ్ళు స్టాంపింగు అంటారు. అక్కడ వుద్యోగం చెయ్యడానికి అనుమతి వేరు, ఆ దేశంలోకి ప్రవేశించడానికి పాస్‌పోర్టులో అంటించే వీసా వేరు. వీసా గడువు తీరిపోయినా లోపల వుండి వుద్యోగం చేసుకోవచ్చు. బయటికి వస్తే మాత్రం కొత్త ముద్ర లేకుండా తిరిగి లోపలికి పోవడానికి లేదు. ఆ ముద్ర కోసం ఇంటర్వ్యూ, ఇంటర్వ్యూ కోసం తేదీ, తేదీ కోసం చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణాలు. హైదరాబాదులో అమెరికావారి కాన్సులేటు 2008లో తెరిచినప్పుడు, ఇంక మద్రాసు పోనక్కరలేదు, దూరం తగ్గిందని సంతోషించాం. 2025 డిసెంబరులో ముద్రకోసం దేశానికి వచ్చిన చాలామందికి ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కు జరిగాయి. వుద్యోగం అక్కడ, అద్దె ఇల్లు అక్కడ, బడికిపోయే పిల్లలు అక్కడ, మనిషి ఇక్కడ. అదే ఏడు సెప్టెంబరు 19న, శుక్రవారంనాడు, హెచ్-1బి వీసాకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వచ్చింది. అది కొత్త దరఖాస్తులకేనని వివరం తెలిసేలోపల, ఇండియాకు బయలుదేరి విమానంలో కూచున్నవాళ్ళు కొందరు దిగి ఇంటికి పోయారని పత్రికల్లో చదివాం. ఆ దిగినవాళ్ళలో ఎవరి తల్లి ఎక్కడ ఎదురుచూస్తోందో పత్రికల్లో వెయ్యరు గదా.

సుబ్బారావుగారి కాలంలో రావడానికి ఓడలు దూరమయ్యాయి. ఈ కాలంలో విమానం ఇంటిముందుకొచ్చినంత పని చేస్తే, గడప దగ్గిర కాగితం అడ్డం పడుకొంది. జాషువాగారి గబ్బిలానికి ఈ బెడద లేదు.

పెద్దాయనకు నేనింత ఉపన్యాసం ఇవ్వలేదు. కొడుకు పాస్‌పోర్టులో ముద్ర గడువు ఎన్నాళ్ళుందో కనుక్కోమని మాత్రం చెప్పాను. "ఆమాట అడిగితే వాడికి అనుమానం వస్తుంది మాస్టారూ, అమ్మకు ఎక్కువైందేమోనని" అన్నారాయన. నిజమే. కొన్ని దూరాలు అడగడానికి కూడా వీల్లేనివి.

మా వైపు పెళ్ళి సంబంధాలు మాట్లాడేచోట కూచుంటే లోకం ఎటు పోతున్నదీ తెలుస్తుంది. నా చిన్నతనంలో ఆడపిల్ల తరఫువాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఆ వూరికి బస్సు వుందా, ఏరు దాటాలా అని. ఏరు దాటవలసిన వూరికి పిల్లనివ్వాలంటే వెనకాడేవారు, వానాకాలం పుట్టింటికి రాలేదని. ఆ తరవాత కొన్నాళ్ళు గుంటూరు–గుంతకల్లు రైలు ఆగే వూరా కాదా అని చూశారు. ఇప్పుడు అబ్బాయి వుండే వూరికి శంషాబాదు నుంచి ఎన్ని విమానాలు మారాలని అడుగుతున్నారు. ఒకటి మారితే సరే, రెండు మారాలంటే కొంచెం ఆలోచిస్తారు. చదువూ జీతమూ వచ్చేది ఆ తరవాతే.

కిందటి మాఘమాసంలో అలాంటి పెళ్ళిచూపులకు నన్నూ పెద్దమనిషిగా తీసుకుపోయారు. కట్నకానుకలు, జాతకాలు, అబ్బాయి ఫోటోలు అన్నీ అయ్యాయి. కాఫీలు తాగాం. లేవబోయే ముందు, అంతదాకా మూల పీటమీద కూచుని తమలపాకులు చదును చేసుకొంటున్న పిల్ల నాయనమ్మ తలెత్తి, "అబ్బాయి ముద్ర ఎంతదాకా వుంది నాయనా? నేనుపోతే మా పిల్ల రావొచ్చా?" అని అడిగింది. అందరం నవ్వబోయి ఆగిపోయాం. అబ్బాయి తండ్రి వెంటనే జవాబు చెప్పలేదు. జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు పైకి తోసుకొని, కొడుకు లేచే వేళ అయిందో లేదో చూసుకోసాగాడు.